క్యూ ఆయిల్ మంచిదే, ఆ రేటే ఎక్కువ

స్నూకర్ స్టిక్‌కి (క్యూ అనేది దీన్నే) రాసే నూనె అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ ఒకటి కొన్నాను. బ్రాండ్ పేరు ఎందుకులెండి, అన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. చిన్న సీసా, ఒక మైక్రోఫైబర్ గుడ్డ, ఒక సాండ్‌పేపర్ ముక్క. ఐదుకి మూడిస్తా. నూనె బాగుంది, గుడ్డ ఇంకా బాగుంది, మార్కులు కోసింది ధరకీ ఆ సాండ్‌పేపర్‌కీ.

సీసా మీద చిన్న అక్షరాల్లో చూస్తే లోపల ఉన్నది రా లిన్సీడ్ ఆయిల్, అంటే మన అవిసె నూనే. గానుగ దగ్గర ఏమీ కలపకుండా ఆడించి ఇచ్చే అవిసె నూనె కూడా అదే, కాకపోతే అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి తేరుకున్నాక పైది వాడుకోవాలి. పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ వేరు, అది త్వరగా ఆరడానికి మందులు కలిపి ఉంటారు, కొంచెం ఎక్కువ రాస్తే పైన జిగురు పొర కట్టేస్తుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె మాత్రం రాయకండి, అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది గానీ కొబ్బరినూనె ఎన్నాళ్లున్నా ఆరదు, దుమ్మంతా పట్టుకుంటుంది.

నా స్టిక్ యాష్ చెక్క, పిడి ఎబొనీ. యాష్‌లో బాణం మొనల్లా కనిపించే గీతలున్నాయే, అక్కడ చెక్క కాస్త తెరుచుకుని ఉంటుంది, చెమటా, స్టిక్ కొనకి రుద్దే చాక్ పొడీ కలిసి అక్కడే దిగుతాయి. వేలు పెట్టి నిమిరితే బ్రాస్ ఫెరూల్ (స్టిక్ కొన దగ్గర తొడిగే ఇత్తడి కట్టు) నుంచి ఓ జానెడు దూరం వరకు నీలంగా, బంకగా తగిలేది ఆ మురికే. మన కోస్తా ఉక్కపోతలో ఏసీ సరిగ్గా లేని హాల్లో ఆడితే ఇక చెప్పక్కర్లేదు, షాట్ మధ్యలో స్టిక్ బొటనవేలి దగ్గర పట్టేస్తుంది. హాల్లో టేబుళ్లూ స్కోరూ చూసుకునే మార్కర్‌ని అడిగితే పౌడర్ వేసుకో అన్నా అంటాడు, ఆ పౌడర్ టేబుల్ క్లాత్ మీద రాలుతుంది, స్టిక్ మీద ముద్ద కడుతుంది.

అందుకే కిట్‌లో అసలు పనికొచ్చింది గుడ్డ అంటాను. బాగా పిండేసిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అరచేతికి వేడి తగిలేదాకా గట్టిగా రుద్దితే సగం సమస్య అక్కడే పోతుంది. ఆట అయ్యాక ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి కేసులో పెడితే నూనె అవసరం ఏ రెండు మూడు నెలలకో వస్తుంది. రాసేటప్పుడు కూడా గుడ్డ మీద నాలుగు చుక్కలు చాలు, పావుగంట ఆగి మిగిలిందంతా తుడిచేసి రాత్రంతా వదిలేయాలి. నేను రాసిన మర్నాడు చెక్క రంగు కాస్త ముదిరింది, గీతలు తేటగా కనిపించాయి, చేతిలో జారుడు బాగా తెలిసింది. ఫ్యాక్టరీ లక్క పూత నిగనిగలాడుతున్న స్టిక్ అయితే ఈ సీసా కొనకండి, నూనె లోపలికి దిగదు. మేపుల్ స్టిక్ వాళ్లకి కూడా అంత అవసరం పడదు, ఆ చెక్క ముందే బిగుతుగా ఉంటుంది.

సాండ్‌పేపర్ సంగతి. వారం వారం రుద్దమని కరపత్రంలో రాశారు, ఎవరు రాశారో గానీ! టిప్ (కొనకి అతికించే తోలు ముక్క) సాధారణంగా తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉండే స్టిక్‌లో చెక్క ఎంతుంటుందని రుద్దడానికి? కొన్నాళ్లకి చెక్క సన్నబడి ఫెరూల్ అంచు బయటికి పొడుచుకొస్తుంది, అప్పుడు ఏ నూనే సరిచేయలేదు. నేను దాన్ని టిప్ అంచులు సరిచేసుకోవడానికి మాత్రం వాడుతున్నా.

కిట్‌లో ఎక్కడా రాయని ఒక మాట ఉంది, రాయాల్సింది. నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి బ్యాగులోనో డబ్బాలోనో పడేయకూడదు. అవిసె నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, మడతల్లో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. తీగ మీద విప్పి ఆరేయండి, పారేసేదైతే నీళ్లలో తడిపి పారేయండి.