పాలు పోయని కాఫీతో మూడేళ్లు

మూడేళ్లుగా మా వంటింట్లో రెండు కాఫీ డబ్బాలు ఉంటున్నాయి. ఒకదానిలో చికోరి కలిపిన పొడి, పొద్దున్నే పాలల్లోకి. రెండోదానిలో అరకు దగ్గర, అనంతగిరి మండలంలో రెండెకరాల తోట ఉన్న ఒక కుటుంబం నుంచి తెప్పించుకునే కడిగిన అరబికా (కాఫీలో ఒక రకం) గింజలు. చెప్పబోయేది ఈ రెండో డబ్బా సంగతి.

మొదటి నెల నాకే నచ్చలేదు. ఇత్తడి ఫిల్టరులో డికాషన్ తీసి, అలవాటుగా ముప్పాతిక గ్లాసు పాలు పోశాను. అమ్మ ఒక గుక్క తాగి, "ఇందులో కాఫీ ఎక్కడుందిరా?" అంది. తప్పు గింజది కాదు. లేతగా వేయించిన గింజ పాలకు ఆగదు, చికోరి ఇచ్చే చిక్కదనం, చేదు దీనికి లేవు. దాంతో కాగితపు వడపోతకు మారాను. 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు, మూడు నిమిషాలు. పొడి బొంబాయి రవ్వ కంటే కాస్త సన్నగా ఉండాలి. పాలు, చక్కెర వద్దు. అప్పుడు బయటపడింది అసలు రుచి: బత్తాయి తొక్క గిల్లినప్పటి వాసన, చివర్లో బెల్లపు తీపి. గోరువెచ్చగా అయ్యాకే ఇది బాగుంటుంది. కాఫీ అంటే పొగలు కక్కాలనే మా నాన్నకు ఈ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

నిరుడు డిసెంబరులో తోట చూసి వచ్చాను. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఎర్రగా పండిన కాయలే ఏరి, ఆ సాయంత్రమే చేత్తో తిప్పే పల్పర్‌లో తొక్క తీశారు. గింజను పట్టుకున్న జిగురు విడిపోవడానికి రాత్రంతా తొట్టిలో పులియనిచ్చారు. పొద్దున ఆ ఇంటి పెద్దావిడ పిడికెడు గింజలు అరచేతుల మధ్య రుద్ది చూసింది. జారుడు పోయి గులకరాళ్లలా గరగరమంటేనే కడగాలట. చలి ముదిరితే ఇంకొన్ని గంటలు ఆగుతారు, గడియారంతో పని లేదు. వ్యాపారంలో ఇలా కడిగిన అరబికాను ప్లాంటేషన్ అని, కాయను తొక్కతోనే ఎండబెట్టినదాన్ని చెర్రీ అని పిలుస్తారు. ఇంతా చేసి, ఆ ఇంట్లో మాకిచ్చింది టీ!

ఇక ఫిర్యాదులు. రెండో ఏడాది గింజల్లో బత్తాయి జాడ లేదు, తడిసిన గోనెసంచి వాసన. అడిగితే, ఆరబోసిన వారమే ముసురు పట్టిందని దాచకుండా చెప్పారు. చిన్న తోట కాబట్టి ఒక తడి వారం పడితే కలిపి సర్దేందుకు వేరే గింజ ఉండదు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకేనని చెప్పే ముద్ర) వచ్చింది కదా అని ప్రతి పొట్లం ఒకేలా ఉంటుందనుకుంటే నిరాశే. ధర మా వీధి చివరి పొడికి రెండింతలకు పైనే. పైగా మర కొనక తప్పదు, పొడి పట్టించి ఉంచితే వారానికే వాసన పోతుంది. వేయించిన తేదీ లేని పొట్లం అసలు తీసుకోను. అయిదారు రోజులు ఆగి విప్పితే నెల రోజులు బాగుంటుంది.

ఈ ఏటి పంటలో బత్తాయి మళ్లీ వచ్చింది. అయినా ఒకసారికి అర కిలోకు మించి తెప్పించడం లేదు. అమ్మ వాడే చికోరి డబ్బా వైపు మాత్రం నేను వెళ్లను.