మిషన్ పిల్లలు, గంప పిల్లలు: నాలుగేళ్ల తర్వాత

ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లు పొదిగే మిషన్‌లో, యాభై ఆరు గుడ్లున్నాయి, తొమ్మిదో రోజు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి మిషన్ మీద కప్పుతున్నా. గుమ్మంలో కూర్చుని వక్క నములుతున్న మా జేజి అంతా చూసి అడిగింది: "కోడికి ఎప్పుడన్నా కరెంటు పోతాదేమిరా?"

అప్పుడు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే అది సరైన ప్రశ్నే అనిపించింది. అందుకే ఈ నాలుగేళ్లూ మిషన్‌నీ, జేజి కోళ్లనీ పక్కపక్కనే నడిపి చూశాను. ఏది కొనాలి, ఏది మేలు అని షాపుకొచ్చిన వాళ్లు అడుగుతూనే ఉంటారు. నేను చూసిందంతా ఇక్కడ రాస్తున్నా.

మాది తాడిపత్రి పక్కన పల్లె. మోటార్లకు వైండింగ్ చేస్తాను కాబట్టి మొదటి ఇంక్యుబేటర్ కొనలేదు, చేసుకున్నా. చేపలవాళ్ల దగ్గర తెచ్చిన థర్మోకోల్ పెట్టె, రెండు 60 వాట్ల బల్బులు, పాత కంప్యూటర్‌లోంచి పీకిన ఫ్యాను, వేడిని అదుపులో పెట్టే ఒక చిన్న థర్మోస్టాట్ బోర్డు. అంతే. ఒక బల్బు కాలిపోయినా రెండోది వెలుగుతుందని రెండు పెట్టా. ఆ తెలివి మాత్రం పనికొచ్చింది. ముప్పై గుడ్లు పెడితే మొదటిసారి నాలుగు పిల్లలు లేచాయి, రెండోసారి పదకొండు. అసలు బాధ గుడ్లు తిప్పడం. ఒకవైపు ఇంటూ, ఇంకోవైపు సున్నా పెన్సిలుతో గీసి రోజుకి మూడుసార్లు తిప్పాలి. మూడు గానీ ఐదు గానీ, బేసి సంఖ్యలోనే తిప్పాలి. అప్పుడే రాత్రంతా కదలకుండా ఉండే సమయం రోజూ ఒకే వైపు పడదు. తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుపోతుంది. ప్రొద్దుటూరులో పెళ్లికి పోయి రాత్రి అక్కడే ఉండిపోయిన రోజు, పెళ్లి భోజనం కూడా సహించలేదు నాకు.

ఆ టెన్షన్ పడలేక, తనంతట తానే తిప్పే 56 గుడ్ల రెడీమేడ్ మిషన్ ఆన్‌లైన్‌లో తెప్పించా. కంపెనీ పేరు వద్దు. ఆ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే రకం ప్లాస్టిక్. ట్రే గంటన్నరకోసారి అటూ ఇటూ వాలుతుంది. ఆ పని నాలుగేళ్లుగా బాగానే చేస్తోంది. మరి తెర మీద కనిపించే అంకె మాత్రం అబద్ధం చెబుతుంది.

మొదటి రెండు విడతల్లో పిల్లలు ఇరవై ఒకటో రోజు రాలేదు. ఇరవై రెండు, ఇరవై మూడుకి వచ్చాయి. వచ్చినవి కూడా నీరసంగా, కాళ్లు చాపుకుని పడి ఉన్నాయి. తెర మీదేమో 37.7 అని దర్జాగా వెలుగుతోంది. చివరికి ఇంట్లో జ్వరం చూసే పాదరసం థర్మామీటర్‌ని గాలి రంధ్రంలోంచి గుడ్ల పక్కకి దూర్చి చూశా. దాదాపు ఒక డిగ్రీ తక్కువ చూపించింది. వేడి తగ్గితే పిల్ల ఆలస్యంగా లేస్తుంది, ఎక్కువైతే బొడ్డు మానకముందే బయటపడుతుంది. జ్వరం థర్మామీటర్ సరిగ్గా మనకు కావలసిన దగ్గరే, 37, 38 మధ్యే, నికరంగా పనిచేసే వస్తువు. మిషన్ కొన్నవాళ్లు గుడ్లు పెట్టేముందు ఒక రోజంతా ఖాళీగా నడిపి దీంతో సరిచూసుకోండి. ఫ్యాను ఉన్న మిషన్‌కి 37.5 చాలు. ఫ్యాను లేని పెట్టెలో వేడి పైకి చేరుతుంది కాబట్టి గుడ్ల పైభాగం దగ్గర 38.5 దాకా ఉండాలి.

తేమ మీటరును కూడా నమ్మకండి. బాటిల్ మూతలో ఉప్పు వేసి, కరగకుండా ముద్దగా ఉండేంత నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి పోని కవర్లో కట్టి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి 75 శాతం చూపించాలి. నాది 66 చూపించింది. అప్పటి నుంచి అది చూపించే అంకెకి తొమ్మిది కలుపుకుంటున్నా.

ఇక మన అనంతపురం గాలి సంగతి. కోస్తాలో ఉండే మా బావమరిది మిషన్‌లో నీళ్లు ఒక్క గాడిలో పోస్తే సరిపోతుంది. నాకు మార్చి దాటితే రెండు గాడులూ నింపి, పైన తడి స్పాంజి ముక్కలు పెట్టినా 40 దాటదు. నీళ్లు ఎంత లోతు ఉన్నాయన్నది కాదు, ఎంత వెడల్పున గాలికి తగులుతున్నాయన్నదే లెక్క. అది తెలియక గిన్నె నిండా పోసి కూర్చున్న రోజులున్నాయి. మొదటి పద్దెనిమిది రోజులు 45 నుంచి 55, చివరి మూడు రోజులు 65 పైన ఉండాలి. ఆ చివరి మూడు రోజులు తిప్పడం ఆపేసి, మూత తీయకూడదు.

నేను తీశా. ఒక ఏప్రిల్‌లో ఇరవై ఒకటో రోజు తెల్లారి పెంకుకి చిల్లు పెట్టిన పిల్ల మధ్యాహ్నమైనా బయటకి రాలేదు. పాపమని మూత తీసి చిన్న ముక్క పీకా. పదే పది నిమిషాలు. బయట నుంచి ఎండుగాలి లోపలికి దూరి, ఆ పక్కన చిల్లులు పెట్టిన మిగతా గుడ్లలో పొర ఎండి పిల్లల ఒంటికి కాగితంలా అతుక్కుపోయింది. లోపలి నుంచి కిచకిచలు వినిపిస్తూనే ఉన్నాయి, సాయంత్రానికి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆరు పిల్లలు. చిల్లు పెట్టాక పిల్ల రోజంతా ఆగుతుంది. అప్పుడది ఊపిరి అలవాటు చేసుకుంటూ, మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటూ ఉంటుంది. ఆ పచ్చసొన వల్లే పుట్టిన పిల్ల రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. మనం తొందరపడాల్సింది ఏమీ లేదని అర్థమవడానికి నాకు ఆరు పిల్లలు పట్టాయి.

మే నెలలో ఇంకో సంగతి తెలిసింది. ఇంక్యుబేటర్‌కి వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. మా స్లాబు ఇంట్లో మధ్యాహ్నం గది వేడే 40కి పోతే, హీటరు ఆపేసుకుని అలారం కొడుతూ కూర్చోవడం తప్ప అది ఏం చేయగలదు? ఆ విడత మొత్తం పోయింది. తర్వాత మిషన్‌ని జేజి ఉండే పాత మట్టి మిద్దెలోకి మార్చా. మందపాటి గోడలు, కింద నాపరాళ్లు. అక్కడ ఏప్రిల్ నడుమ దాకా నెట్టుకురావచ్చు. ఆ తర్వాత వానలు పడేదాకా మిషన్ అటకమీదే. గుడ్లు దాచుకునేది కూడా అక్కడే, మొన కిందికి పెట్టి, తడి ఇసుక పోసిన కుండ పక్కన. వారం దాటిన గుడ్డు పెట్టను. వేసవిలో నాలుగు రోజులు దాటినా పెట్టను. వేడి గదిలో గుడ్డు తనంతట తానే సగం సగం పెరగడం మొదలుపెట్టి చెడిపోతుంది.

ఇప్పుడు జేజి కోడి. నాటు పెట్ట, ఎర్రది, మెడ దగ్గర నల్ల ఈకలు. పన్నెండో పదమూడో గుడ్లు పెట్టి పొదుగుకొస్తుంది. ఈకలు ఉబ్బించి, చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తుంది. జేజి గంపలో అడుగున ఇసుక, పైన వరిగడ్డి, నాలుగు వేపరెమ్మలు, పిడికెడు బూడిద వేస్తుంది. వేపా బూడిదా పేలు పట్టకుండా. ఉరుముకి గుడ్లు చెడిపోతాయని ఒక ఇనుప ముక్క, ఒక ఎండుమిరపకాయ కూడా. వాటివల్ల లాభమేంటో నాకు తెలియదు, తీసేయమనే ధైర్యం కూడా లేదు. రాత్రిపూట కోడిని గుడ్ల మీద పెట్టి గంప మూస్తుంది. పగలు పెడితే లేచిపోతుందట. అది నిజమే, నేను పరీక్షించి ఓడిపోయా.

ఆ పెట్ట రోజుకి ఒక్కసారి లేస్తుంది. నీళ్లు తాగి, నాలుగు గింజలు ఏరుకుని, ఊరంతా ముక్కు మూసుకునే పెద్ద రెట్ట ఒకటి వేసి, పావుగంటలో మళ్లీ గంపలోకి. అంటే గుడ్లు రోజూ పావుగంట చల్లబడుతూనే ఉన్నాయి, ఏమీ కావడం లేదు. ఇది గమనించాకే కరెంటు పోతే కంగారు పడటం మానేశా. దుప్పటి కప్పి, మూత తీయకుండా వదిలేస్తే రెండు మూడు గంటలు ఏమీ కాదు. చివరి వారంలో పిల్లలకు సొంత వేడి కూడా ఉంటుంది. ఆ ఫిబ్రవరి విడతలో నలభై ఒకటి లేచాయి.

పన్నెండు గుడ్లకి పది, పదకొండు పిల్లలు లేపే పెట్టతో లెక్కల్లో పోటీ పడే మిషన్ నేనింకా చూడలేదు. కాకపోతే ఆ పెట్ట తన ఇష్టమొచ్చినప్పుడే కూర్చుంటుంది. మూడు వారాలు పొదుగు, రెండు నెలలు పిల్లల వెంట తిరుగుడు, ఆ తర్వాతే మళ్లీ గుడ్లు. ఏడాదికి మూడు నాలుగు విడతలు కష్టం మీద. గుడ్లు తీసి మిషన్‌లో పెట్టేస్తే అది తొందరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. నాటు గుడ్లు ఎక్కువగా పొదిగించాలనుకునేవాళ్లకి మిషన్ వల్ల అసలు లాభం ఇదే. జేజికి మాత్రం ఇది నచ్చదు. "దాని కడుపు మాడ్చి నువ్వు సంపాదిస్తావా" అంటుంది.

పిల్లలు లేచాక తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మిషన్ పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల బల్బు వేడి, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. కింద శెనక్కాయ పొట్టు, దానికి మన దగ్గర కొదవ లేదు. ఇంత చేసి నెలకి బయట వదిలితే, నా చెప్పుల చప్పుడికి మేత అనుకుని అన్నీ పరుగెత్తుకొచ్చాయి. పైన గద్ద తిరుగుతోంది. అదే సమయంలో జేజి పెట్ట ఒక్క అరుపు అరిచింది, దాని పిల్లలన్నీ కంది కట్టె కిందికి మాయం. నావి అలాగే నా కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాయి. ఆ వారంలో గద్ద ఐదింటిని ఎత్తుకుపోయింది, ముంగిస రెండింటిని.

అందుకే ఇప్పుడు పెట్ట కూర్చున్న రాత్రే మిషన్‌లో కూడా గుడ్లు పెడతా. రెండూ ఒకే రోజు లేస్తాయి. ఆ రాత్రి చీకట్లో, టార్చి కూడా వేయకుండా, మిషన్ పిల్లల్ని ఒక్కొక్కటిగా పెట్ట రెక్క కిందికి తోసేస్తా. కింద గోరువెచ్చటి పొట్ట, నా వేళ్ల మీద ఒకటి రెండు పొడుపులు, లోపలి నుంచి కొత్త పిల్లలు సర్దుకుంటున్న చిన్న శబ్దం. తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. పదహారు దాకా సులువుగా కప్పుకుంటుంది. పిల్లల వయసు ఒకటి రెండు రోజులు దాటకూడదు. ఐదు రోజుల పిల్లలున్న పెట్టకి కొత్తవి కలపబోతే నెత్తి మీద పొడిచి ఒకదాన్ని చంపేసింది.

కౌజు పిట్టల దగ్గర మాత్రం జేజి ఓడిపోయింది. పెంపుడు కౌజులు పొదగడం ఎప్పుడో మరిచిపోయాయి, గుడ్డు పెట్టి ఎక్కడ పెట్టామో కూడా చూసుకోవు. పెట్ట కింద పెడదామని పది గుడ్లు పెడితే, పది గ్రాముల గుడ్డు ఆ గోళ్లకి ఆగుతుందా? మూడో రోజుకి ఆరు చితికిపోయాయి. కాబట్టి కౌజులకి మిషనే గతి. పదిహేడు, పద్దెనిమిది రోజుల్లో లేస్తాయి, తిప్పడం పద్నాలుగో రోజే ఆపాలి. వాటి ట్రే విడిగా కొనాలి, కోడిగుడ్ల ట్రేలో జారిపోతాయి. నాలుగు రోజులు ఆలస్యంగా పెడితే కోడిపిల్లలతో కలిసి ఒకేరోజు లేస్తాయన్న లెక్క కాగితం మీద బాగుంటుంది. చేసి చూశా, తడి ఆరని కోడిపిల్లలు వాటిని తొక్కేశాయి. మచ్చల పెంకు వల్ల సెల్‌ఫోన్ టార్చితో లోపలి నరాలు కూడా సరిగ్గా కనబడవు. కోడిగుడ్డులో ఐదో రోజుకే సాలెగూడులా ఎర్రగా తెలుస్తుంది.

బొటనవేలంత పిల్లలు. నీళ్ల మూకుడులో పడి మునిగి చస్తాయి, గులకరాళ్లు వేయాలి. పేపరు పరిస్తే కాళ్లు జారి రెండు పక్కలకీ చాపుకుపోతాయి, గోనెసంచి పరవాలి. మేత మిక్సీలో ఇంకోసారి తిప్పితే గానీ మింగలేవు. అర అంగుళం జాలీలోంచి దూరి పోతాయి. ఇంత నాజూకు పిట్ట ఆరేడు వారాలకే గుడ్డు పెడుతుందంటే నమ్మబుద్ధి కాదు.

నాలుగు కోళ్లుండి ఇంటి మటుకు పిల్లలు కావాలంటే మిషన్ కొనకండి, మంచి పొదుగు పెట్టని వెతుక్కోండి. కౌజులు గానీ, అమ్మడానికి నాటు పిల్లలు గానీ కావాలంటే కొనండి, దానితో పాటు జ్వరం థర్మామీటరు, ఒక 12 వోల్టుల బ్యాటరీ కూడా. వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగుపరిచిన జాతి కోళ్లు పెంచేవాళ్లు వాటిని పొదుగుకి నమ్ముకోవద్దు.

నా మిషన్‌లో తిప్పే చిన్న మోటారు పోయిన నెల నుంచి కిర్రుమంటోంది. విప్పి చూస్తే పళ్లచక్రం ప్లాస్టిక్, అరిగిపోయింది. ఊళ్లో అందరి మోటార్లూ బాగుచేసేవాణ్ని, దీనికి మాత్రం అదే సైజు దొరక్క కొత్తది ఆర్డర్ పెట్టా. వచ్చేదాకా పెన్సిలు తీశా మళ్లీ.