బెంగళూరులో సుషీ: పడవ ముంచింది, పిడికెడు అన్నం తేల్చింది

సుషీ అంటే పులుపు కలిపిన అన్నంతో, చేపో కూరగాయో జోడించి చేసే జపాన్ వంటకం. బెంగళూరులో అది తినాలనుకునే తెలుగువాళ్ళకి ముందుగా ఒక మాట. బల్ల మీదకి చెక్క పడవ వచ్చి, అందులోంచి డ్రై ఐస్ పొగలు లేచి, తల మీద ప్లాస్టిక్ చెర్రీ పూలు వేలాడుతుంటే అక్కడ తిండి కోసం కాదు, ఫొటోల కోసం డబ్బు తీసుకుంటున్నారని అర్థం. ఆ పడవకి మేం 2,850 రూపాయలు పోశాం. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మిగతా ప్రయాణానికి వంక పెట్టేదేం లేదు. వైజాగ్ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ సుఖంగా తెచ్చింది, మారతహళ్ళిలో బావమరిది ఫ్లాట్ కాబట్టి బసకి పైసా ఖర్చు లేదు, లాల్‌బాగ్, కబ్బన్ పార్కు చూశాం. సుషీ గొడవ మొదలుపెట్టింది బావమరిదే. “ఇంత దూరం వచ్చి మళ్ళీ ఆంధ్రా మీల్సేనా బావా?” అన్నాడు. మా ఆవిడ అప్పటికే జపాన్ వంటల వీడియోలు తెగ చూస్తోంది, తమ్ముడితో కలిసిపోయింది. షిర్డీ వెళ్ళొచ్చాక నీచు మానేసిన మా అత్తగారు, “నాకేదో కూరగాయలతో చేసింది దొరక్కపోతుందా, పదండి” అన్నారు.

మొదట ఫోన్‌లో ఆర్డరు పెట్టి చూశాం. 749 రూపాయల డబ్బా. ఇంటికొచ్చేసరికి అన్నం గట్టిపడి, చుట్టిన నోరి ఆకు, అంటే ఎండిన సముద్రపు నాచు, సాగిపోయి ఉంది. సుషీని డెలివరీలో తెప్పించుకోకండి, అంతే.

ఇక ఇందిరానగర్. వంద అడుగుల రోడ్డు మీద, గోడ నిండా నియాన్ లైట్లు, ఆదివారం మధ్యాహ్నం బయట క్యూ. క్యూ ఉంటే బాగుంటుందని బావమరిది సిద్ధాంతం. ఆ సిద్ధాంతం దర్శినీల్లో, అంటే ఇక్కడి చిన్న టిఫిన్ హోటళ్ళలో, ఇడ్లీకి పనిచేస్తుంది, ఇలాంటి చోట పనిచెయ్యదు. పడవ వచ్చింది. ప్రతి ముక్క మీదా మయొనైజ్, ఆ మీద ఎర్ర సాసు, ఆ మీద వేయించిన పిండి పలుకులు. అడుగున చేప ఏ రంగులో ఉందో గీకి చూడాల్సి వచ్చింది. అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. మన చద్దన్నం నయం, మెత్తగానైనా ఉంటుంది. ఇది ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినట్టు చల్లగా, గింజ గింజా పంటికి తగులుతూ ఉంది. పులుపు లేదు, ఉప్పు లేదు. అల్లం ముక్కలు ఇంకాస్త పెట్టమంటే తెచ్చారు, బిల్లులో 90 వేశారు. నంజుకునే అల్లానికి డబ్బు తీసుకున్న హోటలు నా అనుభవంలో ఇదొక్కటే.

అత్తగారికి అవకాడో రోల్, మీసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే చారు) చెప్పాం. మెనూలో సూప్ పక్కన పచ్చ చుక్క ఉంది. ఎందుకైనా మంచిదని మా ఆవిడ మళ్ళీ అడిగింది కూడా. “వెజ్జే మేడమ్” అన్నాడు వెయిటరు. ఆవిడ గిన్నె మొత్తం తాగి, “ఈ చారు ఒక్కటే బాగుంది” అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి.

తరవాత బిల్లు. పడవ 2,850, సాల్మన్ నిగిరి (చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క) రెండు ముక్కలు 640, అవకాడో రోల్ 595, సూప్‌లు రెండింటికి 640, నీళ్ళ సీసా 180, ఆ అల్లం 90. మొత్తం 4,995. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జీ 499.50. ఆ రెండూ కలిపిన దాని మీద ఐదు శాతం జీఎస్టీ. వెరసి 5,769. సర్వీస్ ఛార్జీ తియ్యమన్నాను. వెయిటరు నవ్వి మేనేజర్ని పిలిచాడు. మేనేజరు ఇంగ్లీషులో మొదలెట్టాడు: అది మా పాలసీ, గుమ్మం దగ్గర బోర్డు ఉంది, కంప్యూటర్లోంచి తియ్యడం కుదరదు. సర్వీస్ ఛార్జీ బిల్లులో తనంతట తనే పడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చిందనీ, హోటళ్ళ సంఘాలు కోర్టుకెక్కితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలనే సమర్థించిందనీ చెప్పాను. “ఇది కర్ణాటక సార్” అన్నాడు. కేంద్ర చట్టానికి కర్ణాటక ఏమిటో! 1915కి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అవతల రికార్డు గొంతు మొదలవగానే ఈయనకి తెలుగు వచ్చేసింది. “మనవాళ్ళే కదా సార్, ముందే చెప్తే సరిపోయేది, మాది అనంతపురం సైడ్.” కంప్యూటర్లోంచి తియ్యడం కుదిరింది. 5,245కి దిగింది. అనంతపురం కాకుండా ఏ అస్సాం మనిషో అడిగి ఉంటే 524 రూపాయలు పోయినట్టే కదా. బావమరిది మాత్రం మెట్రో ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు. వాడి ఆఫీసువాళ్ళెవరో పక్క బల్ల దగ్గర ఉన్నారట, పరువు పోయిందట.

ఐదు నక్షత్రాల వైపు వెళ్దామని కూడా చర్చ జరిగింది. రెసిడెన్సీ రోడ్డు మీద ఐటీసీ గార్డెనియాలో ఎడో అని జపనీస్ రెస్టారెంటు ఉంది. గది అద్దె 7,500 దాటే హోటళ్ళలో తిండి మీద జీఎస్టీ ఐదు కాదు, 18 శాతం. నలుగురం వెళ్తే ఏమవుతుందో ఊహించుకుని ఆగిపోయాం. విచిత్రమేమిటంటే నిగిరి అనేది 19వ శతాబ్దంలో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, బండ్ల దగ్గర నిలబడి తినేసి పోయే చిరుతిండి. దానికి ఇంత వైభోగం పట్టింది.

మంచిది దొరికింది ఎం.జి. రోడ్డు మెట్రో స్టేషన్ నుంచి నడిచివెళ్ళేంత దూరంలో, ఒక పాత కాంప్లెక్సు పై అంతస్తులో. కింద జిరాక్సు షాపు, లిఫ్టులో ఫ్యాను తిరగదు. తిట్టినవాళ్ళ పేరు రాయనప్పుడు పొగిడినవాళ్ళ పేరు రాస్తే ప్రకటన అంటారు, కాబట్టి అదీ రాయను. కానీ గుర్తులు చెప్తాను. లోపల సగం బల్లల దగ్గర జపాన్ వాళ్ళే, మెడలో కంపెనీ కార్డులు. బిడదిలో టొయోటా ఫ్యాక్టరీ వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో వాళ్ళ రాకపోకలు పెరిగాయి, వాళ్ళకి రోజూ తినడానికి ఒక చోటు కావాలి. వాళ్ళు పడవలు ఎక్కరు.

మమ్మల్ని వంటమనిషి ఎదురుగా పొడుగాటి చెక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సిక్కిం కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. సాల్మన్ అడిగితే, “ముందు ట్యూనా తినండి సార్, ఇవాళ పొద్దున వచ్చింది” అన్నాడు హిందీలో. ఎక్కడిదన్నాను. “వైజాగ్.” మా ఆవిడ పెద్దగా నవ్వేసింది. మా ఫిషింగ్ హార్బరులో సూర చేపలు, అంటే ఈ ట్యూనాలే, కుప్పలుగా పడుతుంటే పక్కనుంచి వెళ్ళి వంజరం బేరమాడే మనిషి తను.

ఆ కుర్రాడి చేతులు చూడాలి. వెనిగర్ కలిపిన నీళ్ళలో వేళ్ళు ముంచి, ఒక్కసారి చప్పట్లు కొట్టి నీళ్ళు దులిపాడు. చెక్క బానలోంచి కుడిచేత్తో కాస్త అన్నం తీసి, అరచేతిలో దొర్లించాడు. ఎడమ చేతిలో చేప ముక్క, దాని మీద చూపుడు వేలితో వాసబీ అనే ఘాటైన పచ్చ ముద్ద చుక్క, దాని మీద అన్నం. రెండు వేళ్ళతో ఒకటి, రెండు, మూడు నొక్కులు, తిప్పి బ్రష్షుతో సోయా సాసు రాసి మా ముందు పెట్టాడు. “చేత్తోనే తినండి” అన్నాడు. నోట్లో పెట్టుకుంటే అన్నం ఒంటి వేడిన ఉంది, పళ్ళు పడకముందే విడిపోయింది. పులుపు, ఉప్పు, ఆ వెనక సన్నటి తీపి. చేప రుచి తరవాత వచ్చింది. మళ్ళీ ఒక ప్లేటు చెప్పాం.

సోనా మసూరికీ హెచ్‌ఎంటీకీ తేడా ఒక్క ముద్దలో పట్టేసే మనం సుషీ దగ్గర మాత్రం చేపని చూసి మోసపోతాం. చేపని సరఫరాదారు దగ్గర ఎవరైనా కొనగలరు, అన్నం మాత్రం వాళ్ళే వండాలి. “మా సాల్మన్ అసలు ఫ్రీజర్ మొహమే చూడలేదు” అని గొప్పలు పోతే ఇంకాస్త జాగ్రత్తపడండి. పచ్చిగా తినే చేపలో పరాన్నజీవులు చావడానికి -20 డిగ్రీల దగ్గర 7 రోజులు గడ్డకట్టించడం అమెరికా ఆహార సంస్థ చెప్పే పద్ధతుల్లో ఒకటి. గడ్డకట్టించడం తప్పేమీ కాదు. ఇక వాసబీ అంటారా, అసలుది పారే చల్లటి నీళ్ళలో పెరిగే మొక్క కాండం, బాగా ఖరీదు. చాలాచోట్ల పెట్టేది హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు, ఆవాలు, పచ్చరంగు కలిపిన ముద్దే. ఈ మంచి హోటల్లోనూ అదే. అడిగితే దాచకుండా చెప్పారు, నాకు అది చాలు.

అత్తగారి కోసం ఇనారి, అంటే తియ్యటి పులుసులో ఉడికించిన టోఫు సంచీలో అన్నం కూరింది, దోసకాయ రోల్ చెప్పాం. ఆవిడకి మీసో సూప్ కూడా కావాలన్నాను. కుర్రాడు ఆగాడు. “అమ్మగారు వెజ్ కదా? సూప్ వద్దు సార్. దాంట్లో దాషి పోస్తాం, ఎండబెట్టిన చేప తురుముతో కాచిన నీళ్ళు. అన్నిచోట్లా అంతే. కోడిగుడ్డుతో చేసే తమాగోలో కూడా ఆ దాషి ఉంటుంది. ఇనారికి మాత్రం సముద్రపు నాచుతో కాచింది వాడతాం, అది తినొచ్చు.”

మా ఆవిడ నా వంక చూసింది. నేను బావమరిది వంక చూశాను. అత్తగారికి హిందీ బాగానే వచ్చు. గ్లాసు కింద పెట్టి, “మొన్న నేను తాగిందీ అదేనా?” అని అడిగారు. ఎవరూ పలకలేదు. ఇనారి ఒక్కటి తిన్నారు, బాగుందన్నారు, రెండోది కూతురి వైపు జరిపేశారు.

బిల్లు: ట్యూనా నిగిరి రెండు ప్లేట్లు 760, సాల్మన్ 480, దోసకాయ రోల్ 290, అవకాడో రోల్ 420, ఇనారి 240, తమాగో 260, గ్రీన్ టీ ఉచితం. 2,450, జీఎస్టీతో 2,573. సర్వీస్ ఛార్జీ లేదు, మేమే 200 ఇచ్చి వచ్చాం. మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు, శనాదివారాలు ముందు ఫోన్ చెయ్యకపోతే బల్ల దగ్గర చోటు దొరకదు.

ఆ రాత్రి మారతహళ్ళిలో కూర్చుని ఆహార భద్రత సంస్థవాళ్ళ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టాను. డబ్బు సంగతి రాయలేదు, అది వెనక్కొచ్చింది కదా. పచ్చ చుక్క ఉన్న మెనూ ఫొటో, బిల్లు జత చేసి సూప్ సంగతి రాశాను. పరువు పోయిందన్న బావమరిదే పక్కన కూర్చుని ఇంగ్లీషు దిద్దాడు. అత్తగారు మాత్రం, “ఆ కుర్రాడు నిజం చెప్పాడని కూడా రాయండి” అన్నారు. దానికి అందులో గడి లేదు.