పారిస్‌లో ఐదుగురికి బస: మేం ఉన్న చోట్లు, చూసిన చోట్లు

పారిస్‌లో గదిని మంచాల లెక్కన ఇస్తారు. ఇద్దరి గది అంటే ఇద్దరికే. మన దగ్గరలా "పిల్లలే కదండీ, ఒక ఎక్స్‌ట్రా బెడ్ వేసేయండి" అంటే కుదరదు. గదులే చిన్నవి. ఇరవై చదరపు మీటర్లుంటే పెద్ద గది కింద లెక్క. పసిపిల్లల మంచం తప్ప ఇంకేదీ అందులో పట్టదు. రిసెప్షన్‌లో ఎంత బతిమాలినా ఒప్పుకోరు కాబట్టి, ఇంటి దగ్గర ఉన్నప్పుడే ఈ లెక్క తేల్చుకుని బయల్దేరాలి.

మేం ఐదుగురం. మా వారు, నేను, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. 2025 వేసవి సెలవుల్లో వెళ్లాం. బుకింగ్ సైట్లలో ఇద్దరు పెద్దలని పెట్టి వెతికితే రాత్రికి 110, 120 యూరోలకు బోలెడు గదులు కనిపించాయి. పిల్లల వయసులతో సహా ఐదుగురినీ పెట్టి వెతికేసరికి అందులో చాలా హోటళ్లు మాయమయ్యాయి. మిగిలినవి రెండు గదులు తీసుకోమన్నాయి. లూవ్ర్ మ్యూజియంకి నడిచి వెళ్లగలిగే చోట మాకు చూపించిన ధర రాత్రికి 300 యూరోల పైమాటే. అప్పట్లో యూరో అటూ ఇటూగా వంద రూపాయలు. అంటే పడుకోవడానికే రోజుకు ముప్పై వేలు. దానికి తోడు ఐదుగురం మూడు పూటలా బయట తినాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఊరి నడిబొడ్డున ఉండాలన్న పట్టుదల వదిలేసి, రింగ్ రోడ్డుకి కాస్త అవతల, వంటగదీ పెద్ద లిఫ్టూ ఉన్న చోటు చూసుకోవాలి. రైల్వే స్టేషన్‌కి ఐదు నిమిషాల నడక దూరంలో ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు.

ఇదివరకైతే ఈ మాట ఇంత గట్టిగా చెప్పడం కష్టం. ఊరి బయట ఉంటే దూరాన్ని బట్టి రైలు టికెట్ పెరిగేది. డిస్నీలాండ్ ఉన్న వైపు నుంచి ఊళ్లోకి రావడానికి 2024లో ఒక్కసారికి 5 యూరోలు. 2025 జనవరి 1 నుంచి ఆ పద్ధతి తీసేశారు. మెట్రో అయినా, ఊరి బయటికి వెళ్లే ఆర్‌ఈఆర్ రైలైనా, పారిస్ చుట్టుపక్కల ప్రాంతం మొత్తానికి ఒకటే టికెట్, 2025లో దాని ధర 2.50 యూరోలు. ఎయిర్‌పోర్టు టికెట్ మాత్రం వేరు, అది 2025లో 13 యూరోలు. నాలుగేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, పదేళ్ల లోపు వాళ్లకు సగం. హోటల్ వెతికేటప్పుడు "సెంటర్‌లో ఉంటే రైలు ఖర్చు కలిసొస్తుంది" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. రైలు ఖర్చు ఇప్పుడు ఎక్కడున్నా ఒకటే.

మేం మొదట ఊళ్లోనే, పదకొండో అరోండిస్మాన్‌లో ఒక ఫ్లాట్ తీసుకున్నాం. అరోండిస్మాన్ అంటే మన వార్డు లాంటిది, పారిస్‌లో 20 ఉన్నాయి. ఇల్లు బాగుంది. కింద బేకరీ, ఇంట్లో వాషింగ్ మెషీన్, కిటికీ తీస్తే చెట్లున్న వీధి. ప్రకటనలో "లిఫ్ట్ ఉంది" అని రాశారు. ఆ లిఫ్ట్ దగ్గరికి చేరాలంటే వీధి తలుపు దాటాక అరిగిపోయిన చెక్కమెట్లు ఎక్కాలి. ఎక్కాక చూస్తే అది అల్మరా అంత ఉంది. ఈ భవనాలు లిఫ్టులు లేని కాలంలో కట్టినవి. తర్వాతెప్పుడో మెట్ల మధ్య ఉన్న ఖాళీలో లిఫ్ట్ బిగించారు కాబట్టి ఆ ఖాళీ ఎంతో లిఫ్టూ అంతే. మా అత్తగారు లోపలికి తొంగి చూసి, "అమ్మాయ్, నేనెక్కితే పెట్టె ఎక్కదు, పెట్టె ఎక్కితే నేనెక్కను" అన్నారు. ఆవిణ్ణి ముందు పంపి, పెట్టెలు ఒక్కొక్కటిగా పైకి తెచ్చుకున్నాం. దిగాక ఫ్లాట్ తలుపుకి ఇంకో నాలుగు మెట్లు. ఇంటి యజమానికి మెసేజ్ పెడితే, లిఫ్ట్ ఉందనే కదా రాశాను అన్నారు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అత్తయ్య పొద్దున కిందికి దిగితే మళ్లీ రాత్రికే పైకి. మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చే వీలు లేకుండా పోయింది. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు లిఫ్ట్ ఉందా అని అడిగితే సరిపోదు. వీధి తలుపు నుంచి ఇంటి తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లున్నాయని అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి.

ఫ్లాట్ తీసుకునేవాళ్లు ఇంకోటి కూడా చూడాలి. పారిస్‌లో పర్యాటకులకు ఇల్లు ఇచ్చేవాళ్లు నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ నమోదు నంబరు ప్రకటనలో కనపడాలి. తాము కాపురముండే ఇంటిని ఏడాదికి 90 రోజులకు మించి ఇలా అద్దెకివ్వకూడదు, 2025కి ముందు ఆ పరిమితి 120. నంబరు లేని ఇల్లు ఎంత చౌకగా ఉన్నా వద్దు. చివరి నిమిషంలో యజమాని రద్దు చేస్తే పిల్లల్ని పెట్టుకుని ఆ ఊళ్లో గది కోసం తిరగడం చాలా టెన్షన్. పైగా ఫ్రాన్స్‌కి తీసుకునే షెంగెన్ వీసాకి బస కాగితాలు చూపించాలి. అందుకే వీసా అయ్యేదాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగులే పెట్టుకున్నాం.

తర్వాత వాన్సెన్‌కి మారాం. అది పారిస్ తూర్పు అంచున, రింగ్ రోడ్డు దాటగానే ఉండే చిన్న ఊరు. కోట ఉంది, పక్కనే పెద్ద అడవి లాంటి పార్కు ఉంది. అక్కడ అపార్ట్‌హోటల్‌లో, అంటే వంటగది ఉన్న ఫ్లాట్లను హోటల్లా ఇచ్చే చోట, రెండు గదుల యూనిట్ దొరికింది. ఒక పడకగది, సోఫా బెడ్లున్న హాలు, హాల్లోనే ఓ మూలకి వంటగట్టు. రాత్రికి 165 యూరోలు. వారం పైన ఉంటే ఇంకా తగ్గిస్తారు. కింద రిసెప్షన్, కాయిన్లు వేసే వాషింగ్ మెషీన్లు. లిఫ్ట్‌లో మేం ఐదుగురం పెట్టెలతో సహా ఒకేసారి పట్టాం.

లోపాలూ చెప్పాలి. సోఫా బెడ్ మీద సరిగ్గా నడుము దగ్గర కడ్డీ తగిలేది. దుప్పటి మడతపెట్టి కింద వేసుకుని సర్దుకున్నాం. గది శుభ్రం చేయడం వారానికోసారే. గిన్నెలు మనమే కడగాలి. ఖాళీ చేసేటప్పుడు వంటగట్టు మురికిగా ఉంటే డబ్బు పట్టుకుంటారని గోడ మీదే రాసిపెట్టారు. అడాజియో, సిటాడీన్స్ లాంటి గొలుసు అపార్ట్‌హోటళ్లు పారిస్ లోపలా బయటా చాలా ఉన్నాయి. ఒకే కంపెనీ అయినా ఊరి లోపలికీ అంచుకీ ధరలో చాలా తేడా. యూనిట్‌లో ఎంతమంది పడతారన్న దాంతో పాటు పడకగదికి తలుపు ఉందో లేదో చూసుకోండి. "నలుగురి స్టూడియో" అంటే నలుగురూ ఒకే గదిలో. పిల్లలు పడుకున్నాక మాట్లాడుకోవాలంటే పెద్దవాళ్లు బాత్రూంలోకి వెళ్లాలి.

వాన్సెన్ మాకు అన్నిటికన్నా నచ్చింది రైళ్ల వల్ల. మెట్రో ఒకటో లైన్ అక్కడే మొదలవుతుంది కాబట్టి పొద్దున ఎక్కినప్పుడు అత్తయ్యకి సీటు ఖాయం. ఆ లైన్ నేరుగా లూవ్ర్, పేరున్న పెద్ద వీధి షాంజెలిజే మీదుగా వెళ్తుంది. డ్రైవర్ లేని రైలు కావడంతో పిల్లలు ముందు అద్దం దగ్గర నిలబడి సొరంగం చూసుకుంటూ కూర్చోవడమే మర్చిపోయేవాళ్లు. ఆర్‌ఈఆర్ ఎ లైన్ స్టేషన్ కూడా ఉంది. అందులో ఒక వైపు మూడు స్టేషన్లు వెళ్తే ఊరి మధ్యలోని శాతలే, ఇంకోవైపు వెళ్తే రైలు మారకుండా డిస్నీలాండ్. ఆ రైళ్లు రెండు దారుల్లో చీలిపోతాయి, ప్లాట్‌ఫాం మీద బోర్డులో మార్న్-లా-వాలే అని ఉన్నదే ఎక్కాలి. పారిస్ పాత మెట్రో స్టేషన్లలో లిఫ్టులు బాగా తక్కువ, మెట్లు బాగా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సిటీ బస్సే మేలు.

మిగతా చోట్ల గురించి క్లుప్తంగా. పడమటి వైపు లా డిఫాన్స్ అంతా ఆఫీసు టవర్లు. వారం మధ్యలో బిజినెస్ వాళ్లతో నిండిపోయి, శని, ఆదివారాల్లోనూ ఆగస్టులోనూ ధరలు దిగుతాయి. మెట్రో ఒకటో లైన్ రెండో కొస అదే. కొత్త భవనాలు కాబట్టి లిఫ్టుల బాధ లేదు, కానీ రాత్రయితే వీధులు బోసిపోతాయి. డిస్నీలాండ్‌కి ఒక స్టేషన్ ముందున్న వాల్ ద్యూరోప్‌లో గదులు విశాలం, ధర తక్కువ, స్టేషన్ పక్కనే పెద్ద సూపర్ మార్కెట్. ఊళ్లోకి దాదాపు నలభై నిమిషాల ప్రయాణం. డిస్నీకి రెండు రోజులు పెట్టుకునేవాళ్లకి అది సరైన చోటు. ఒక్క రోజుకైతే అక్కడిదాకా సామాను మోయడం అనవసరం. గార్ దు నార్ స్టేషన్ చుట్టుపక్కల చౌక హోటళ్లు చాలా ఉన్నాయి. ఎయిర్‌పోర్టు రైలు దిగి నడిచి వెళ్లిపోవచ్చు. కానీ రాత్రిపూట స్టేషన్ పరిసరాలు చూశాక పిల్లలతో అక్కడ ఉండాలనిపించలేదు.

పగలు మాత్రం ఆ వైపు తప్పకుండా వెళ్లండి. గార్ దు నార్ నుంచి లా షాపెల్ దాకా వీధుల నిండా శ్రీలంక తమిళుల దుకాణాలే. కరివేపాకు, మునక్కాయలు, ఇడ్లీ రవ్వ, కందిపప్పు, పచ్చి మిరపకాయలు అన్నీ దొరికాయి. అక్కడికి దగ్గర్లోనే పజోల్ వీధిలో వినాయకుడి గుడి ఉంది. అత్తయ్య ఆ ఊళ్లో అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చున్నది అక్కడే.

వంటగది ఉండాలని ఎందుకంత పట్టుబడుతున్నానంటే, మాకు గది మీద కన్నా తిండి మీదే ఎక్కువ మిగిలింది. ఐదుగురం మామూలు హోటల్లో భోంచేస్తే 90 యూరోలకు తగ్గలేదు. పొద్దున ఉప్మా తినేసి, మధ్యాహ్నానికి పులిహోర డబ్బాలో పెట్టుకుని పార్కులో కూర్చుని తిన్నాం. రాత్రికి వేడిగా పప్పన్నం. సూపర్ మార్కెట్లో పాలు, పెరుగు, గుడ్లు, కూరగాయలు మరీ అంత ఖరీదేం కాదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, వీధుల్లో పచ్చరంగు నీళ్ల కుళాయిలు ఉంటాయి, సీసాలు నింపుకోండి.

ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు, చింతపండు తీసుకెళ్లండి. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టెలో పెట్టొద్దు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం ఉన్నవి తేవడం నిషేధం. అక్కడి వెన్న కాచుకుంటే ఇంట్లో నెయ్యిలానే ఘుమఘుమలాడింది. ఉప్పు లేని వెన్న ప్యాకెట్ మీద "డూ" అని ఉంటుంది. అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్తే ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు, ఇండక్షన్ అడుగున్న చిన్న స్టీలు కుక్కర్ తీసుకెళ్లాం. తాలింపుతో మాత్రం జాగ్రత్త. ఫ్రాన్స్‌లో 2015 నుంచి ప్రతి ఇంట్లోనూ పొగ అలారం ఉండాలన్నది చట్టం. అపార్ట్‌హోటల్‌లో ఎండుమిరపకాయ వేగీ వేగకముందే నెత్తిమీద కూత మొదలైంది, పాప చెవులు మూసుకుని కారిడార్‌లోకి పరిగెత్తింది. ఆ తర్వాత కిటికీ తీసి, చిమ్నీ ఫ్యాన్ వేసి, సన్నటి సెగ మీద జీలకర్ర, కరివేపాకుతోనే సరిపెట్టుకున్నాం.

ఏసీ ఉందో లేదో కూడా చూడండి. పాత ఫ్లాట్లలో సాధారణంగా ఉండదు. యూరప్ అంటే చలే కదా అనుకోవద్దు. 2025 జూలై 1, 2 తేదీల్లో ఎండ దెబ్బకి ఈఫిల్ టవర్ పై అంతస్తుకి ఎవర్నీ పంపలేదు. ఇంకో ఖర్చు టూరిస్టు పన్ను. బుకింగ్‌లో కనిపించే ధరలో ఇది చాలాసార్లు కలిసి ఉండదు, దిగాక రిసెప్షన్‌లో కట్టాలి. మనిషికి, రాత్రికి ఇంత అని హోటల్ స్థాయిని బట్టి ఉంటుంది. 2024లో బాగా పెంచారు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు లేదు కాబట్టి మేం ముగ్గురికే కట్టాం.

తేదీల విషయానికొస్తే, బేసి సంవత్సరాల్లో జూన్ నెలలో పారిస్ శివార్లలోని లె బుర్జేలో ఎయిర్ షో జరుగుతుంది. ఆ వారం ఊరి బయటి హోటళ్లు కూడా మండిపోతాయి. ఏ ఏడాదైనా మే చివర్లో, జూన్ మొదట్లో ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో పడమటి వైపు వెతక్కండి. దిగే రోజు సోమవారం అయ్యేలా విమానం టికెట్ తీసుకుంటే ఇంకా మంచిది. అక్కడ వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది, మనం కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు. 2025లో ధర 31.60 యూరోలు, ఎయిర్‌పోర్టు రైలు కూడా అందులోనే వస్తుంది. రానూపోనూ ఎయిర్‌పోర్టు టికెట్లకే అప్పుడు 26 అయ్యేవి కాబట్టి, ఆ వారంలోనే తిరిగొచ్చే పెద్దవాళ్లకు ఈ పాస్ సులువుగా గిట్టుబాటయ్యేది. పాస్ మీద అంటించడానికి చిన్న ఫోటో కావాలి, వీసాకి తీయించుకున్న వాటిలో మిగిలినవి బ్యాగులో వేసుకోండి.