జాగ్రత్త: ‘కెఫీన్ లేని ఊలాంగ్’ అని రాసిన ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

‘సహజంగానే కెఫీన్ ఉండదు’, ‘రాత్రి భోజనం తర్వాత తాగే టీ’, ‘హాయిగా నిద్ర పట్టిస్తుంది’ అంటూ ఊలాంగ్ టీ ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వెనక్కి తిప్పితే పదార్థాల దగ్గర ఉండేది ఒక్కటే: ఊలాంగ్ ఆకు. అంటే కెఫీన్ ఉన్నట్టే. కాఫీ మానేసి, దీన్ని నమ్మి రాత్రి తొమ్మిదింటికి తాగినవాళ్లు టీ కప్పు దింపి ఇంటి కప్పు చూస్తూ పడుకోవాల్సి వస్తుంది.

ఊలాంగ్ వేరే మొక్కేం కాదు. మన ఇంట్లో మరిగించే టీపొడి, గ్రీన్ టీ, ఊలాంగ్ అన్నీ కమేలియా సైనెన్సిస్ ఆకులే. కోసిన ఆకును వాడ్చి, అంచులు నలిగేలా కుదిపి, ఆక్సీకరణను మధ్యలో ఆపేస్తే ఊలాంగ్ అవుతుంది. ఆ ఆక్సీకరణ రంగునూ రుచినీ మారుస్తుంది గానీ కెఫీన్ జోలికి పెద్దగా పోదు. ఎండు ఆకు బరువులో సుమారు 2 నుంచి 4 శాతం కెఫీనే. 240 మి.లీ. కప్పులోకి 30–50 మి.గ్రా. దాకా దిగుతుంది. అంతే కాఫీలో 95 మి.గ్రా. ఉంటుందనుకుంటే, ఇది అందులో మూడో వంతు నుంచి సగం దాకా. సగాన్ని సున్నా అని అమ్ముతున్నారు.

దీనికి చెప్పే సాకులు నాలుగైదు రకాలు. బాగా వేయించిన ఊలాంగ్‌లో కెఫీన్ ఎగిరిపోతుందన్నది ఒకటి. చైనాలోని ఫూజియన్ రాష్ట్రంలో ఊయి కొండల టీలు, తైవాన్ దొంగ్‌దింగ్ టీ పేరు మీద ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. కెఫీన్ ఆవిరి కావాలంటే 178 డిగ్రీల వేడి కావాలి. బొగ్గుల సెగ మీద గంపల్లో వేయించే వేడి మామూలుగా దానికి చాలా తక్కువ.

రెండోది గాబా ఊలాంగ్. గాబా అంటే మెదడులో నరాల ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం. నిద్ర పేరుతో అమ్మేది ఎక్కువగా ఇదే, ధర కూడా ఎక్కువే. ఆకును గాలి తగలకుండా నైట్రోజన్‌లో కొన్ని గంటలు ఉంచితే అందులోని గ్లుటామిక్ ఆమ్లం గాబాగా మారుతుంది. 1980ల్లో జపాన్‌లో రూపొందిన పద్ధతి ఇది. ఈ తయారీలో కెఫీన్ తీసే దశే లేదు. గాబా పెరిగినా కెఫీన్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

మిల్క్ ఊలాంగ్ కమ్మగా ఉంటుంది కాబట్టి తేలికైనదనుకోవద్దు. అది జిన్ షువాన్ అనే తైవాన్ రకం, వెన్న వాసన ఆకుదే. (పదార్థాల్లో ‘ఫ్లేవర్’ అని కనిపిస్తే ఆ వాసన బయటినుంచి కలిపినది.) నాలుకకు చేదు తగలకపోతే కెఫీన్ లేదనుకోవడం పెద్ద పొరపాటు. టీలో చేదుకు, వగరుకు చాలావరకు కారణం కేటెచిన్లనే వేరే పదార్థాలు.

అన్నింటికంటే ఎక్కువమంది నమ్మేది ‘మొదటి నీళ్లు పారబోస్తే 80 శాతం కెఫీన్ పోతుంది’ అన్న చిట్కా. కొన్ని ప్యాకెట్ల మీద తయారీ విధానంలోనే అచ్చువేస్తున్నారు. అరనిమిషంలో నీళ్లలోకి దిగేది కొద్ది భాగమే. 80 శాతం పోవాలంటే వేడినీళ్లలో అయిదు నిమిషాలకు పైగా నానాలి. అప్పటికి రుచీ పోతుంది, మిగిలేది పిప్పి. పైగా ఉండలు చుట్టిన తియెగ్వాన్‌యిన్ వంటి ఊలాంగ్‌లు మొదటి నీళ్లకు సరిగా విచ్చుకోను కూడా విచ్చుకోవు, సారం దిగేది రెండో, మూడో సారికే.

చిన్న గైవాన్‌లో (మూత ఉండే కప్పు) చైనా పద్ధతిలో పోసుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోండి. 6 గ్రాముల ఆకు, 3 శాతం చొప్పున 180 మి.గ్రా. కెఫీన్. అదే ఆకు మీద ఏడెనిమిదిసార్లు నీళ్లు పోసి అంతా ఒక్కరే తాగితే అందులో చాలా భాగం ఒంట్లోకే వెళ్తుంది. గర్భిణులకు అన్ని రకాలూ కలిపి రోజుకు 200 మి.గ్రా. దాటొద్దన్నది ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన హద్దు. మామూలు మనిషిలో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, గర్భిణుల్లో ఇంకా చాలా ఎక్కువ.

‘స్లిమ్మింగ్ ఊలాంగ్’ అయితే ఇంకో చిక్కు. పదార్థాల్లో సెన్నా, అంటే సునాముఖి, ఉందేమో చూడండి. అది విరేచనకారి. తగ్గే బరువు ఒంట్లోని నీళ్లదే. ‘టీ ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంటే గ్రాముకు కెఫీన్ ఎంతో రాశారా చూడండి, రాయకపోతే కొనొద్దు.

నిజంగా కెఫీన్ తీసిన ప్యాకెట్ మీద ‘డీకెఫినేటెడ్’ అని స్పష్టంగా ఉండాలి. ఏ పద్ధతిలో తీశారో, ఉదాహరణకు కార్బన్ డయాక్సైడ్‌తోనా అన్నది, అమ్మేవాళ్లను అడగండి. జవాబుగా ‘నేచురల్‌గా తక్కువ అండీ’ అని వస్తే తీయలేదని అర్థం. డీకెఫినేటెడ్‌లో కూడా కప్పుకు కొన్ని మిల్లీగ్రాములు మిగులుతాయి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు అదీ మాత్రతో పాటు పనికిరాదు, ఇనుమును అడ్డుకునేది టీలోని పాలీఫినాల్స్ కాబట్టి. డాక్టరు పూర్తిగా వద్దన్నారంటే ధనియాల కషాయమో, చామంతి పూల నీళ్లో తాగండి.

ఇప్పటికే కొని ఉంటే, అమ్మకందారు పేజీ మార్చకముందే ‘కెఫీన్ లేదు’ అన్న చోటు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్యాకెట్ రెండు వైపులా ఫొటోలు తీయండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, దిగుమతిదారు చిరునామా కనిపించాలి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టినా ఇవి చేతిలో ఉంటే చెప్పడం తేలిక. తినే వస్తువు తెరిస్తే ‘వాపసు తీసుకోం’ అంటారు చాలామంది అమ్మకందారులు. అందుకని కొత్త చోట కొనేటప్పుడు 25 గ్రాముల ప్యాకెట్‌తో సరిపెట్టుకోండి.