భద్రాచలం ఓటింగ్ రిపోర్టు కొన్నాను: 999 రూపాయలకు తగ్గ సరుకు లేదు

మాది భద్రాచలం, ఉండేది మియాపూర్‌లో. ఎన్నికలంటే మా ఇంట్లో అందరికీ ఆసక్తే. అందుకే నియోజకవర్గాల వారీగా ఓటింగ్ రిపోర్టులు అమ్మే ఒక సిటీ కంపెనీ యాడ్ కనబడగానే మా ఊరిది కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటివి అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి కొనేముందు ఏం చూసుకోవాలో చెప్తే చాలనుకుంటున్నా.

ముందు బాగున్నది చెప్తాను. డబ్బు కట్టగానే పీడీఎఫ్ వచ్చేసింది, తెలుగులో ఉంది, ఊరి పేరు కొడితే నేరుగా ఆ పేజీకి వెళ్తుంది. ఎన్నికల సంఘం ఉచితంగా ఇచ్చే ఫారం 20తో కుస్తీ పట్టినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. అందులో పోలింగ్ కేంద్రం నంబరు, ఒక్కో అభ్యర్థికి పడ్డ ఓట్లు, నోటా, మొత్తం, అంతే. ఆ నంబరు ఏ ఊరి బడిదో తెలియాలంటే పోలింగ్ కేంద్రాల జాబితా పక్కన తెరిచి పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. వీళ్లు ఆ రెండూ కలిపి ఇచ్చారు, ఆ కష్టానికి మెచ్చుకోవాల్సిందే.

కానీ విశ్లేషణ అని రాసిందంతా చదివితే ఒళ్లు మండింది. గుడి ఉన్న ఊరు, యాత్రికుల మీద బతికే ఊరు, కాబట్టి ఇక్కడ ఓటు భక్తి చుట్టూ తిరుగుతుందని మొదటి పేజీలోనే తేల్చేశారు. అదే రాముడి ఊరి పేరున్న సీటులో 1985 నుంచి 2004 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది సీపీఎం. సైకిల్ మీద తిరిగిన కుంజా బొజ్జి గారు మూడుసార్లు, తర్వాత సున్నం రాజయ్య గారు రెండుసార్లు. 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి, 2014లో మళ్లీ రాజయ్య, 2018లో కాంగ్రెస్ పొదెం వీరయ్య, 2023లో బీఆర్ఎస్ తెల్లం వెంకటరావు. ఆ ఏడాది ఉమ్మడి ఖమ్మం జిల్లా పది సీట్లలో బీఆర్ఎస్‌కు దక్కింది ఇదొక్కటే, ఆయన కూడా 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్‌లో చేరిపోయారు. ఇందులో భక్తితో లెక్క తేలేది ఏముందో నాకైతే అర్థం కాలేదు. కల్యాణం తలంబ్రాలు కళ్లకద్దుకునే చేతులే ఎర్రజెండాకు ఓటేశాయి, మా ఇంట్లోనే చూశాను.

అసలు ఊరు వేరు, నియోజకవర్గం వేరు. లాడ్జీలు, హోటళ్లు, ఆటోలు ఉన్నది టౌన్‌లో. ఓట్లు మాత్రం దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు దాకా ఉన్నాయి. ఎస్టీ రిజర్వుడ్ సీటు ఇది. అక్కడ మాట్లాడుకునేది పోడు పట్టాల గురించి, తునికాకు రేటు గురించి, వానాకాలం తెగిపోయే రోడ్ల గురించి. టౌన్‌లోనేమో కరకట్ట, గోదావరి వరద (2022 జూలైలో 71 అడుగులు దాటింది), పోలవరం వెనక జలాల భయం. ఈ రెండింటినీ కలిపి ఒకే "మూడ్" అని ముద్ర వేస్తే ఎలా? పైగా సారపాక కాగితం ఫ్యాక్టరీ కార్మికుల ఓటు మా సీటులో కీలకం అని రాశారు. వంతెన దాటితే సారపాకే, నిజమే, కానీ అది బూర్గంపాడు మండలం, పినపాక నియోజకవర్గంలోకి వస్తుంది. మ్యాపు ఒక్కసారి చూసినా ఈ తప్పు జరిగేది కాదు.

ఇంకా పెద్ద లోపం గ్రాఫులో ఉంది. 2014తో 2018ని పోల్చి సీపీఎం ఓటు ఒక్కసారిగా కూలిపోయిందని గీత గీశారు. 2014 ఏప్రిల్ 30న మేం ఓటేసినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు మా సీటులోనే ఉన్నాయి. ఆ తర్వాత పోలవరం కోసం వాటిని ఆంధ్రలో కలిపేశారు, భద్రాచలం మండలంలో టౌన్ తప్ప మిగతా ఊళ్లూ అటే పోయాయి. రాజయ్య గారి సొంతూరు కూడా వి.ఆర్.పురం మండలంలోనిదే. పార్టీకి గట్టి పట్టున్న ఊళ్లే సరిహద్దు దాటిపోతే, మిగిలిన జనం మనసు మార్చుకున్నారని ఎలా అంటారు? ఎంత భాగం ఊళ్లు పోవడం వల్ల, ఎంత భాగం నిజంగా మనసు మారడం వల్ల అనేది ఇప్పటి మండలాల బూత్‌లను మాత్రమే తీసుకుని లెక్కేస్తే తెలుస్తుంది. ఫారం 20 చేతిలో ఉన్నవాళ్లకు అదేమంత కష్టం కాదు. ఆ ఒక్క పేజీ చేసి ఉంటే నేనే పదిమందికి కొనమని చెప్పేవాణ్ని.

నన్ను నిజంగా బాధపెట్టింది చివరి భాగం. ప్రతి బూత్‌కీ రంగు వేశారు: ఆకుపచ్చ అంటే అనుకూలం, పసుపు అంటే తటస్థం, ఎరుపు అంటే వ్యతిరేకం. మియాపూర్ ఉన్న శేరిలింగంపల్లిలో ఏడు లక్షలకు పైగా ఓటర్లు, అక్కడ ఒక బూత్ రంగు చూసి ఎవరినీ ఏమీ చేయలేరు. మా సీటు మొత్తం కలిపి లక్షన్నర లోపే, రాష్ట్రంలోనే అతి చిన్నది. ఏజెన్సీలో ఒక బూత్ అంటే రెండు మూడు గూడేలు. ఆ గూడేల పేరు పక్కన ఎర్రరంగు వేసి అభ్యర్థులకు అమ్మితే రేపు బోరు ఎవరికి వస్తుంది, రోడ్డు ఎక్కడ ఆగిపోతుంది? బ్యాలెట్ పేపర్ల రోజుల్లో ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో తెలియకుండా డబ్బాల్లోని ఓట్లు కలిపి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎంలకూ అలా చేయడానికి టోటలైజర్ పెట్టాలని లా కమిషన్ 2015లోనే సిఫారసు చేసింది, అది ఇంకా అమలు కాలేదు. అంకెలు ఎలాగూ బయటే ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ వాటికి రంగులేసి చేతిలో పెట్టడం వేరే పని.

ఈ మూడు విషయాలూ రాసి కంపెనీకి మెయిల్ పెట్టాను. సారపాక తప్పు సరిచేస్తామన్నారు, గ్రాఫు గురించి ఏమీ చెప్పలేదు, రంగుల పేజీ కస్టమర్లు అడిగే ఫీచర్ కాబట్టి తీయలేమన్నారు. రీఫండ్ లేదు. బూత్ నంబర్లకు ఊరి పేర్లు కలిపినందుకు రెండు స్టార్లు ఇస్తున్నా. మీ ఊరి రిపోర్టు కొనాలనుకుంటే ముందు శాంపిల్ పేజీ అడగండి, 2014కీ 2018కీ మధ్య హద్దులు మారిన మా సీటు లాంటిదైతే ఆ లెక్క ఎలా చేశారో రాతపూర్వకంగా చెప్పమనండి.