27వ యేగర్ బెటాలియన్ దారిలో: లియెపాయకి ఒక రాత్రి, వాసాకి రెండు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, రష్యా జార్ ఏలుబడిలోని ఫిన్లాండ్ నుంచి దొంగచాటుగా సరిహద్దు దాటి, సుమారు 1,900 మంది యువకులు జర్మన్ సైన్యంలో చేరారు. వాళ్లతో ఏర్పడిందే 27వ ప్రష్యన్ యేగర్ (తేలికపాటి పదాతి దళం) బెటాలియన్. ఆ ఆనవాళ్లున్న జర్మనీ, లాట్వియా, ఫిన్లాండ్ మూడూ షెంగెన్‌లోవే (ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశాల కూటమి), ఒక్క వీసా చాలు. రోజులు తక్కువుంటే వదిలేయాల్సింది జర్మనీనే.

1915 ఫిబ్రవరిలో దాదాపు 200 మందితో శిక్షణ మొదలైన శిబిరం హాంబర్గ్‌కి ఉత్తరాన, ఇప్పటి హోహెన్‌లాక్‌స్టెట్‌లో ఉండేది. బయటికి అది స్కౌట్ల కోర్సు, వేసుకున్నవీ ఆ దుస్తులే. ఇట్సెహో దాకా రైల్లో గంట, ఆపైన బస్సు. మ్యూజియం చిన్నది, వేళలు కనుక్కోకుండా వెళితే స్మారకం చూసి వెనక్కి రావడమే.

అసలు చూడాల్సింది లాట్వియా. బస రీగా సెంట్రల్ స్టేషన్ దగ్గర తీసుకుంటే మేలు. 1916 వేసవిలో మీసా నది దగ్గర మోహరించిన బెటాలియన్, తర్వాత రీగా సింధుశాఖ వైపు మారింది. 1917 జనవరిలో లియెలుపె నది తీరాన ఎముకలు కొరికే చలిలో పోరాడింది. ఆ నేల ఎలాంటిదో తెలియాలంటే కెమెరి బురదనేల చూడాలి. రీగా నుంచి రైల్లో గంట, స్టేషన్ నుంచి మూడు కి.మీ. నడక. చెక్కదారి పెద్ద చుట్టు సుమారు 3.4 కి.మీ. వానపడితే పలకలు జారతాయి, చెప్పులతో వద్దు. పలక పక్కన కర్ర గుచ్చితే నల్లటి నీళ్లు ఊరతాయి. ఇలాంటి చోట లోతుగా కందకం తవ్వడం కుదరదు. అందుకే ఆ ఫ్రంట్‌లో దుంగలు, మట్టి పైకి పేర్చి గోడ కట్టుకునేవారు.

లాట్వియా రేవు పట్టణం లియెపాయకి రీగా నుంచి బస్సే నయం, మూడున్నర గంటలు. 1918 ఫిబ్రవరి 13న యేగర్లు ఫిన్లాండ్‌కి విధేయత ప్రమాణం చేసింది ఇక్కడి హోలీ ట్రినిటీ చర్చిలోనే. ప్రార్థన వేళల్లో తిరగనివ్వరు. ఊళ్లోని కరోస్టా పాత సైనిక జైల్లో రాత్రి బస తమాషాకి సరే, యేగర్లతో దానికి సంబంధం లేదు. చర్చి దగ్గరే గది చూసుకోండి.

ప్రధాన దళం 1918 ఫిబ్రవరి 25న ఫిన్లాండ్‌లోని వాసాలో ఓడ దిగింది, మర్నాడు మార్కెట్ కూడలిలో శ్వేతసేన అధిపతి మానర్‌హైమ్ ముందు కవాతు చేసింది. ఆ మార్కెట్ కూడలిలో ఇప్పుడున్నది 1938 నాటి స్వాతంత్ర్య విగ్రహం, శిల్పి లీపోలా. అయితే యేగర్లు దిగేనాటికే అక్కడ అంతర్యుద్ధం: ఫిన్నులు ఫిన్నులతోనే పోరాడుతున్నారు. నమ్మదగనివారని కొందరు యేగర్లను జర్మనీలోనే వదిలేశారు. విగ్రహం ముందు నిలబడితే ఆ సంగతి తెలియదు. గది స్టేషన్‌కీ కూడలికీ మధ్య దొరికితే అన్నిటికీ నడిచి వెళ్లొచ్చు. పనిరోజుల్లో మధ్యాహ్నం బఫే తింటే రాత్రి భోజనంకన్నా బాగా చవక.

యేగర్ మ్యూజియం ఉన్న కోర్టెస్‌యార్వికి కారు తప్పనిసరి. వేసవి కాకపోతే తెరిచి ఉందో లేదో ముందే అడగాలి. కారు లేకపోతే ఆ రోజు వాసా నుంచి స్వీడన్‌లోని ఊమియోకి ఫెర్రీ ఎక్కండి: అప్పట్లో వలంటీర్లు మంచు మీద స్కీలతో దాటిన సముద్రమే అది, ఇప్పుడు సుమారు నాలుగు గంటలు.